నాలుగో మాట నాకొచ్చింది

శుభ శుక్రవారం నాడు చర్చిల్లో జరిగే ఏడు మాటల ఆరాధన గురించి తెలియని వాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. యేసు సిలువ మీద ఉండగా పలికిన మాటలు నాలుగు సువార్తల్లోనూ కలిపి ఏడున్నాయి. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా ఒక్కో మాట మీద ఒక్కొక్కరు మాట్లాడతారు, మధ్య మధ్యలో పాటలు. ఏప్రిల్ ఎండ, పైన రేకులు, ఫ్యాన్లు తిరుగుతుంటాయి గానీ గాలి మాత్రం రాదు. ఏడూ అయ్యగారే చెబితే ఆయనా అలిసిపోతారు, మనమూ కునుకు తీస్తాం. అందుకని సంఘంలో కాస్త చదువుకున్న వాళ్లకి తలా ఒకటి పంచుతారు. శత్రువుల్ని క్షమించమన్న మొదటి మాటకి పోటీ ఎక్కువ. ఏడోది ఎలాగూ అయ్యగారిదే. 2025లో శుభ శుక్రవారం ఏప్రిల్ 18న వచ్చింది. ఆ యేడు నాకు నాలుగోది ఇచ్చారు.

నాలుగోదంటే, నన్నెందుకు వదిలేశావని దేవుణ్ణే అడిగిన మాట.

"దాన్ని ఎవరూ తీసుకోరు బాబూ. నువ్వైతే సాఫ్ట్‌వేరు కదా, ఏదో ఒకటి కొత్తగా చెబుతావు" అన్నారు అయ్యగారు ఫోన్లో. సాఫ్ట్‌వేరుకీ దీనికీ సంబంధమేంటో నాకు అర్థం కాలేదు. పెట్టేసే ముందు ఇంకో మాట కూడా అన్నారు. "ప్రశ్న దగ్గర ఆపెయ్యకు. విజయంతో ముగించు. జనం దిగులుగా ఇంటికెళ్లకూడదు."

ఇది మతప్రచారం కాదు, కంగారు పడకండి. ఎవర్నీ ఎక్కడికీ రమ్మనడం లేదు. పుట్టడం క్రైస్తవ కుటుంబంలోనే పుట్టినా, గత నాలుగేళ్లుగా లోపల ఒక కాలు, బయట ఒక కాలు పెట్టుకుని ఉన్నవాణ్ణి. ఎందుకో చెబుతాను.

2021 మే నెలలో మా బావ కోవిడ్‌తో పోయాడు. ముప్ఫై ఆరేళ్లు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాడు. బీపీ, షుగరు ఏవీ లేవు. ఆక్సీమీటర్ 94 చూపించినప్పుడు "నా ఇంటర్ మార్కులు కూడా ఇంత రాలేదురా" అని జోకేశాడు. మూడు రోజుల తరవాత 86. బెడ్డు కోసం నేను హైదరాబాదులో కూర్చుని ఎన్ని ఫోన్లు చేశానో నాకే తెలియదు. ఆఫీసు కాల్ మ్యూట్‌లో ఒక పక్క, ఈ ఫోన్లు ఒక పక్క. చివరికి దొరికింది. సంఘం వాళ్లు వాట్సాప్‌లో గొలుసు ప్రార్థన పెట్టారు. రాత్రి రెండింటికి ఒకరు, రెండున్నరకి ఒకరు, అలా ఇరవైనాలుగు గంటలూ ఎవరో ఒకరు ప్రార్థనలో ఉండేట్టు. నా వంతు తెల్లవారుజామున నాలుగింటికి. పదకొండు రోజులు లేచాను. పన్నెండో రోజు అలారం మోగేసరికి ఇంకా ఎవరికోసం లేవాలో లేదు.

నేను నిజానికి చెప్పాలనుకున్నది ఆ తరవాత సంగతి. చర్చిలు మళ్లీ తెరిచాక మొదటి ఆదివారం అక్కని, నాలుగేళ్ల మేనకోడల్ని తీసుకుని వెళ్లాను. సాక్ష్యాల సమయం వచ్చింది. ఒకాయన లేచాడు. మంచివాడే, మాకు బాగా తెలిసినవాడు. బావకి ఇంజెక్షన్లు కావలసి వచ్చినప్పుడు ఊరంతా తిరిగింది ఆయనే. "మా ఇంట్లో అయిదుగురికీ వచ్చింది. ఒక్కరికీ ఏం కాలేదు. నమ్ముకున్నవాళ్ల చెయ్యి ఆయన వదలడు" అన్నాడు. సంఘమంతా హల్లెలూయ అంది. నేనూ అన్నాను, అలవాటు కొద్దీ. అని, పక్కకి చూశాను. అక్క పాప జడ విప్పి మళ్లీ అల్లుతోంది. బాగానే ఉన్న జడని.

ఆ తరవాత అక్క చర్చికి రాలేదు.

ఆయన అబద్ధం చెప్పలేదు. ఎవర్నీ నొప్పించాలని చెప్పలేదు. కానీ ఆ వాక్యాన్ని తిప్పి చదవండి. చెయ్యి వదలనిది నమ్ముకున్నవాళ్లదైతే, మరి మా బావది? డేటా మీద పనిచేసేవాళ్లకి దీని పేరు తెలుసు, సర్వైవర్‌షిప్ బయాస్. అయితే ఇది కనిపెట్టింది మన గణాంకాల వాళ్లు కాదు. క్రీస్తుపూర్వం 45 ప్రాంతంలో సిసెరో రాసిన పుస్తకంలోనే ఉంది. సమోత్రాకే అనే గ్రీకు దీవిలో గుడి నిండా, తుఫానులో మొక్కుకుని బయటపడ్డవాళ్లు పెట్టించిన బొమ్మలు ఉండేవట. అవి చూపించి దేవుళ్లు లేరంటావా అని డయాగొరాస్ అనే నాస్తికుణ్ణి అడిగితే, మొక్కుకుని కూడా మునిగిపోయినవాళ్ల బొమ్మలు ఇక్కడ లేవు కదా అన్నాడట. రెండువేల ఏళ్లు దాటినా మన సాక్ష్యాల సమయంలో మునిగినవాళ్ల బొమ్మకి చోటు లేదు.

మా నాన్నమ్మది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెనలో బతికి బయటపడ్డ మనిషి. పదివేల మందికి పైగా పోయిన ఉప్పెన అది. తెల్లారితే ఆదివారం. ఆవిడ చివరిదాకా ప్రతి ఆదివారం చర్చికి వెళ్లింది గానీ, ఉప్పెన గురించి సాక్ష్యం మాత్రం ఒక్కసారి కూడా చెప్పలేదు. చిన్నప్పుడు నేనే అడిగాను, దేవుడు నిన్నే ఎందుకు కాపాడాడని. "మేం మేడ మీద ఉన్నాం, వాళ్లు కింద ఉన్నారు. అంతేరా" అంది. అప్పట్లో ఈవిడకి భక్తి తక్కువేమో అనుకున్నాను. మా ఇంట్లో థియాలజీ తెలిసిన మనిషి ఎవరైనా ఉంటే అది ఆవిడే అని ఇప్పుడనిపిస్తోంది.

సరే, బావ పోయాక పరామర్శకి వచ్చినవాళ్లు చెప్పిన కారణాలన్నీ నేను పక్కనే కూర్చుని విన్నాను. మంచివాళ్లని దేవుడు తొందరగా పిలుచుకుంటాడు. అంతా ఆయన ప్రణాళిక. ఎక్కడో ఒప్పుకోని పాపం ఉండి ఉంటుంది. విశ్వాసం ఇంకాస్త గట్టిగా ఉండాల్సింది. ఈ చివరిది అన్నావిడ పాపని ముద్దు పెట్టుకుని మరీ వెళ్లింది. బావతో పనిచేసిన ఒక లెక్చరరు "ఏం చేస్తామమ్మా, ఏ జన్మ ఖర్మో" అన్నారు. ఆయనా ప్రేమగానే అన్నారు. అదేంటో, మతం ఏదైనా మనందరికీ ఆర్‌సీఏ పిచ్చి ఒక్కటే. సర్వర్ పడిపోతే రూట్ కాజ్ రాయాలి. రాస్తే తప్ప టికెట్ క్లోజ్ అవదు. ఏదీ దొరక్కపోతే "యూజర్ ఎర్రర్" అని రాసి పడేస్తాం. మా అక్క విషయంలోనూ అదే జరిగింది.

నాలుగో మాటకి తయారవుదామని బైబిల్ తీసి యోబు గ్రంథం మొదలుపెట్టాను. ఆఫీసు బస్సులో, వెళ్లేటప్పుడు కొంచెం, వచ్చేటప్పుడు కొంచెం. నలభై రెండు అధ్యాయాలు. చిన్నప్పటి నుంచి సండేస్కూల్లో మనకి చెప్పేది మొదటి రెండూ, చివరిదీ. అంతా పోగొట్టుకున్నా నోరెత్తలేదు, చివరికి రెండింతలు వచ్చింది, కాబట్టి ఓర్పు పట్టండి. మధ్యలో ముప్ఫై తొమ్మిది అధ్యాయాలున్నాయని గుర్తే ఉండదు. ఆ ముప్ఫై తొమ్మిదిలో మొదటిదే, అంటే మూడో అధ్యాయం, యోబు తను పుట్టిన రోజుని శపించడంతో మొదలవుతుంది. అక్కణ్ణుంచి ఆయన అరుస్తాడు, వాదిస్తాడు, దేవుడు కోర్టుకి రావాలంటాడు, నా తప్పేంటో కాగితం మీద రాసిమ్మంటాడు. ఓర్పుకి మారుపేరు అని మనం చెప్పుకునే మనిషి ఈయనేనా అని నాకు అనుమానం వచ్చింది.

ముగ్గురు స్నేహితులు వస్తారు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు. వీళ్లని అందరూ తిడతారు గానీ, మొదట్లో వాళ్లు చేసింది గొప్ప పనే. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఆయన పక్కన నేల మీద కూర్చున్నారు, ఒక్క మాటా మాట్లాడకుండా. అక్కడితో లేచి వెళ్లిపోయుంటే చరిత్రలో మంచి స్నేహితులుగా మిగిలిపోయేవాళ్లు. నోరు తెరిచారు, చెడిపోయింది. ముగ్గురిదీ ఒకటే ఆర్‌సీఏ. దేవుడు న్యాయవంతుడు, నీకు కష్టం వచ్చింది, కాబట్టి నువ్వేదో చేశావు. బిల్దదు అయితే చచ్చిపోయిన పిల్లల మీదికి కూడా పోతాడు, వాళ్లు తప్పు చేసి ఉంటారు అని. ఆ చోట బస్సులో పుస్తకం మూసేశాను. మా ముందుగదిలో వినిపించిన గొంతులే అవి.

చివరికి దేవుడు సుడిగాలిలోంచి మాట్లాడతాడు. నాలుగు అధ్యాయాలు. నక్షత్రాలు, మంచు, కొండమేకలు, నిప్పుకోడి, మొసలి లాంటి ఒక పెద్ద జంతువు... ఇన్ని ఉన్నాయి గానీ, "ఎందుకు" అన్నదానికి జవాబు లేదు! మొదటి అధ్యాయంలో పరలోకంలో జరిగిన పందెం సంగతి చదివే మనకి తెలుసు, యోబుకి మాత్రం ఆఖరిదాకా ఎవరూ చెప్పరు. నిజం చెప్పాలంటే ఈ ప్రసంగం నాకు పూర్తిగా మింగుడుపడలేదు. బిడ్డలు పోయినవాడికి నిప్పుకోడి గురించి చెప్పడమేమిటి? కానీ దాని తరవాత వచ్చే ఒక్క విషయం నన్ను ఆపేసింది. నలభై రెండో అధ్యాయంలో దేవుడికి కోపం వచ్చింది ఆ స్నేహితుల మీద. దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకుని ఆయన్ని వెనకేసుకొచ్చినవాళ్ల మీద! నా గురించి సరిగ్గా మాట్లాడింది మీరు కాదు, యోబు అంటాడు. అరిచినవాడు, నిలదీసినవాడు సరిగ్గా మాట్లాడినట్టు. దేవుణ్ణి కాపాడబోయినవాళ్లు తప్పు మాట్లాడినట్టు.

ఆ "రెండింతలు" లెక్క కూడా ఒకసారి చూడండి. ఏడువేల గొర్రెలు పద్నాలుగు వేలయ్యాయి. మూడువేల ఒంటెలు ఆరువేలయ్యాయి. పిల్లలు మాత్రం మళ్లీ ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. రెట్టింపు కాలేదు. దీనికి పండితులు రకరకాల వివరణలిస్తారు. నాకు తోచిందేంటంటే, గొర్రెకి బదులు గొర్రె వస్తుంది, బిడ్డకి బదులు బిడ్డ రాదని ఆ రాసినాయనకి తెలుసు. అందుకే ఆ లెక్క అలా వదిలేశాడు.

కొత్త నిబంధనలోనూ ఈ ఆర్‌సీఏ రెండుసార్లు ఎదురవుతుంది. పుట్టుగుడ్డివాణ్ణి చూసి, పాపం ఇతనిదా, కన్నవాళ్లదా అని శిష్యులు అడిగితే, ఇద్దరిదీ కాదంటాడు యేసు. (ఆ వెంటనే ఆయన చెప్పిన కారణం మీద నాకింకా ప్రశ్నలున్నాయి, అది వేరే సంగతి.) సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయినప్పుడు, వాళ్లేమైనా మిగతా ఊరి కంటే పాపాత్ములా అని తనే అడిగి, కాదని తనే అంటాడు. ఇంత స్పష్టంగా రాసున్న పుస్తకాన్ని ప్రతి ఆదివారం చంకలో పెట్టుకెళ్లే మనం, చావింటికి వెళ్లి జోఫరు డైలాగులు కొడతాం.

ఈ ప్రశ్నకి బుర్రతో జవాబు చెప్పిన గొప్పవాళ్లు లేరా అంటే, చాలామందే ఉన్నారు. ఇది సాధ్యమైన లోకాలన్నిటిలోకీ మంచి లోకం అని లైబ్నిజ్ 1710లో పుస్తకం రాశాడు. 1755 నవంబరు 1న, సకల పరిశుద్ధుల పండుగ రోజు, జనం చర్చిల్లో ఉండగా లిస్బన్‌లో భూకంపం వచ్చింది. వోల్తేరు ఆ మంచిలోకం థియరీని ఉతికి ఆరేశాడు. మనిషికి స్వేచ్ఛ ఇచ్చాడు కాబట్టి చెడుంది అనే జవాబు ఒకటుంది, హత్యలకీ యుద్ధాలకీ అది కొంతవరకు సరిపోతుంది. ఊపిరితిత్తుల్లో చేరిన వైరస్‌కి ఎవరి స్వేచ్ఛ కారణం?

వీళ్లందరికంటే నాకు దగ్గరైనవాడు సి. ఎస్. లూయిస్. నార్నియా సినిమాలు చూసినవాళ్లకి పేరు తెలిసే ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్‌లో సాహిత్యం చెప్పేవాడు, నాస్తికుడిగా ఉండి క్రైస్తవుడైనవాడు. 1940లో బాధ మీద ఒక పుస్తకం రాశాడు, "ది ప్రాబ్లమ్ ఆఫ్ పెయిన్". చక్కటి తర్కం, ఒక్కో అభ్యంతరానికీ ఒక్కో సమాధానం. ఇంజనీరింగులో ఉండగా చదివి ఎంత మురిసిపోయానో, హాస్టల్లో వాదనలకి తెగ వాడుకునేవాణ్ణి. ఆ తరవాత లూయిస్ దాదాపు అరవయ్యేళ్లకి చేరువలో జాయ్ డేవిడ్‌మన్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఆవిడ 1960 జులైలో క్యాన్సరుతో పోయింది. 1961లో ఇంకో పుస్తకం వచ్చింది, "ఎ గ్రీఫ్ అబ్జర్వ్‌డ్". రచయిత పేరు ఎన్. డబ్ల్యు. క్లర్క్ అని వేశారు. అది లూయిసే. తన పేరు పెట్టుకోలేదు. అందులో సమాధానాలు లేవు. అవసరంలో దేవుడి దగ్గరికి వెళ్తే తలుపు మొహం మీద మూసేసి లోపలి నుంచి గడియ పెట్టిన చప్పుడు వినిపించిందన్న అర్థంలో రాసుకున్నాడు. ఇరవై ఏళ్ల కింద ప్రపంచానికి జవాబు చెప్పిన మనిషే! విశ్వాసం వదిలేశాడా అంటే, లేదు. కానీ ఆ రెండో పుస్తకం మొదటిదాన్ని ఎత్తి చూపించి "అప్పుడే చెప్పాను కదా" అనదు. ఆ పుస్తకం నేను 2021 జూన్‌లో చదివాను. ఆ నెలలో నేను భరించగలిగిన క్రైస్తవ పుస్తకం అదొక్కటే.

నా టీములో ఒక సీనియర్, పక్కా నాస్తికుడు. "కారణం వెతక్కు. కారణం లేదు. వైరస్, లంగ్స్, అంతే" అన్నాడు. ఒప్పుకుంటాను, లెక్కకి అదే అన్నిటికంటే శుభ్రంగా సరిపోతుంది. అక్కకి చెప్పిన మాటలన్నిటిలో ఇదే తక్కువ నొప్పించేది కూడా. మా నాన్నమ్మ చెప్పింది కూడా దాదాపు ఇదే. కానీ నాన్నమ్మ ఆ మాట చెప్పి మళ్లీ చర్చికి వెళ్లేది. ఎందుకంటే కోపానికి ఒక చిరునామా కావాలి అనుకుంటాను. శూన్యాన్ని పట్టుకుని నన్నెందుకు వదిలేశావని ఎవరూ అడగరు. ఇది దేవుడున్నాడనడానికి రుజువు కాదు, నాకు తెలుసు. నా ఒక కాలు ఇంకా లోపలే ఎందుకుందో చెబుతున్నాను, అంతే.

ఇంకొకటి గమనించాను. కీర్తనల గ్రంథంలో 150 ఉంటే, మూడో వంతుకు పైగా మొరలే, ఏడుపులే. ఎనభై ఎనిమిదో కీర్తన అయితే చీకట్లో మొదలై చీకట్లోనే ఆగిపోతుంది, ఎక్కడా వెలుగు రాదు. దాన్నీ దేవుడి గుడిలో పాడుకోవడానికే పెట్టుకున్నారు వాళ్లు. మా చర్చిలో ఒక నెలపాటు పాడిన పాటలు లెక్కపెట్టాను, ఇరవై రెండు. అన్నీ స్తుతి, విజయం, దీవెన. కీబోర్డు మాత్రం బ్రహ్మాండం. ఏడవడానికి ఒక్క పాట లేదు. భర్త పోయిన మనిషి ఆ గంటన్నర ఏం పాడాలి?

శుక్రవారం వచ్చింది. నేను అక్కని రమ్మనలేదు. నాకు నాలుగో మాట ఇచ్చారని మాత్రం చెప్పాను. రెండో మాట అయ్యేసరికి వెనకాల, చెప్పుల దగ్గరి కుర్చీలో కనిపించింది, పాపతో.

ఈ మాట మీద ప్రసంగీకులకి ఒక రెడీమేడ్ దారి ఉంది. ఇది ఇరవై రెండో కీర్తన మొదటి వాక్యం. ఆ కీర్తన చివరికి స్తుతితో ముగుస్తుంది. కాబట్టి యేసు నిజానికి విజయాన్నే తలుచుకున్నాడు. అయ్యగారు నా నుంచి ఆశించింది ఇదే. నేను కూడా రాసుకొచ్చాను. మైకు ముందు నిలబడ్డాక అది చదవబుద్ధి కాలేదు. కీర్తనలో స్తుతి ఉంది నిజమే, కానీ ఆయన అక్కడిదాకా చదివినట్టు మత్తయీ రాయలేదు, మార్కూ రాయలేదు. మొదటి వాక్యం దగ్గరే ఆపారు. గ్రీకులో రాస్తూ కూడా అక్కడ ఆయన నోట వచ్చిన శబ్దాన్ని అలాగే ఉంచేసి, పక్కన అర్థం రాశారు. అప్పటికి ఎవరూ జవాబు చెప్పినట్టు కూడా రాయలేదు. పక్కనున్నవాళ్లు ఆయన ఏలీయాని పిలుస్తున్నాడనుకున్నారు, అంతే.

ఇదే చెప్పాను. సరిగ్గా సమాధానం చెప్పాలనుకున్న ఏ స్నేహితుడూ సిలువ దగ్గర లేడు, ఉన్న ఆడవాళ్లు మాట్లాడకుండా నిలబడ్డారు అన్నాను. 2021లో ఈ హాల్లో కూర్చుని ఇదే ప్రశ్న మనసులో అడిగినవాళ్లు ఉన్నారు, వాళ్లు తప్పు చెయ్యలేదు అన్నాను. అంతకంటే నా దగ్గర ఏమీ లేదు. పది నిమిషాలిస్తే ఆరు నిమిషాల్లో దిగిపోయాను. పాట ఎత్తుకోవాల్సిన వాళ్లు ఇంకా ఉందనుకుని చూస్తున్నారు. కాసేపు ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. అయ్యగారు లేచి మైకు తీసుకుని విజయం గురించి రెండు నిమిషాలు చెప్పారు.

మూడింటికి అంతా అయ్యాక గుమ్మం దగ్గర మజ్జిగ పోస్తుంటే ఆయన నా పక్కకి వచ్చారు. తిడతారనుకున్నాను. "ఆ నెలలో పదకొండు మందిని పూడ్చాను బాబూ. ఎవరి దగ్గర ఏం చెప్పానో ఒక్కటీ గుర్తు లేదు" అన్నారు. అని, ఇంకో గ్లాసు నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు. ఆయన మీద నాకు అప్పటిదాకా ఉన్న చిరాకు ఏమైందో తెలియదు.

తిరిగి వచ్చేటప్పుడు స్కూటీ అక్కే నడిపింది. పాప మధ్యలో నిద్రపోయింది. రైల్వే గేటు పడితే ఆగాం. గూడ్సు బండి, ఎంతకీ అయిపోదు.

"మీ బావ ఉంటే పది నిమిషాలిచ్చినవాడు ఆరింట్లో దిగిపోయాడని సాయంత్రం దాకా ఏడిపించేవాడు" అంది.

ఆదివారం చర్చికి వస్తావా అని నేనడగలేదు. గేటు లేచాక స్టార్ట్ చేస్తూ తనే అంది.

"రేపు పొద్దున్నే ఖాళీయేనా? పండగలోపు సమాధికి సున్నం వెయ్యాలి. బ్రష్షు కొత్తది కొనాలి, పాతది ఎండిపోయింది."